నిద్రపోతున్నవారి అమానత్

 

మమ్మల్ని మస్‌అలాలు అడగటానికి వచ్చేవారిలో చాలామంది తలాఖ్ గురించో, వారసత్వపు వాటాల గురించో, జకాత్ లెక్క గురించో అడుగుతారు. కొంతకాలం క్రితం వినుకొండ వైపు ఒక ఊరి మస్జిదులో ఒక సోదరుడు అడిగిన మస్‌అలా ఆ కోవకు చెందినది కాదు. ఇషా నమాజు ముగిసి అందరూ వెళ్ళిపోయేదాకా ఆయన చెప్పులు విడిచే చోట నిలబడి ఉన్నాడు. ఆ తరువాత వచ్చి మా ఎదుట కూర్చున్నాడు. వయసులో మాకంటే పదేళ్ళు పెద్దవాడు. వృత్తి డ్రైవింగు. సొంత తుఫాన్ బండి, దాని మీద ఇంకా తీరని కిస్తీలు. మిర్చి కోతల కాలంలో కూలీలను చేలకు చేరుస్తాడు. పెళ్ళిళ్ళకు, ఆసుపత్రులకు కిరాయికి వెళతాడు. సైన్యంలో భర్తీ కోసం ర్యాలీలు జరిగినప్పుడు చుట్టుపక్కల పల్లెల కుర్రాళ్ళను తీసుకువెళతాడు.

"హజ్రత్, నేనొక కిరాయి వదులుకున్నాను. అది తప్పా?" అని అడిగాడు.

జరిగింది ఇది. మూడు పల్లెల నుంచి పందొమ్మిది మంది కుర్రాళ్ళు ర్యాలీకి బయలుదేరారు. బండిలో అనుమతి పన్నెండు మందికే. ఇంకో బండి కూడా మాట్లాడుకోమని ఆయన చెప్పాడు. వారి దగ్గర అంత డబ్బు లేదు. "ఏడుగురం టాపు మీద కూర్చుంటాం అన్నా! మిలటరీకి పోయేవాళ్ళం, టాపెక్కటానికి భయపడతామా?" అన్నారు. ఆయన ఒప్పుకోలేదు. మరొక డ్రైవరు ఒప్పుకున్నాడు. పందొమ్మిది మందీ క్షేమంగా వెళ్ళారు, క్షేమంగా తిరిగి వచ్చారు. మర్నాడు బండ్ల స్టాండులో అందరూ ఈయనను చూసి నవ్వారు. ఇంట్లో భార్య నవ్వలేదు, కిస్తీ తారీఖు గుర్తు చేసింది.

"ఏమీ కాలేదు కదా హజ్రత్! అందరూ బాగానే వచ్చారు. పిల్లల రోజీని నా చేతులతో నేనే పోగొట్టుకున్నానని ఇంట్లో అంటోంది. నేను చేసింది మంచిపనా, పిరికితనమా?"

మేము వెంటనే ఒక హదీసు చెప్పి పంపించి ఉండవచ్చు. కాని ఆయన అడిగిన దానిలో ఒక్క కిరాయి కంటే పెద్ద ప్రశ్న ఉంది. ఒక పని మంచిదో చెడ్డదో దాని ఫలితం నిర్ణయిస్తుందా? ఏ హానీ జరగకపోతే నిర్లక్ష్యం తప్పు కాకుండా పోతుందా? ఈ ప్రశ్న డ్రైవర్లకు మాత్రమే సంబంధించినది కాదు. అందుకే పాఠకులతో కలిసి ఆలోచించదలిచాము.

ఎవరీ ప్రయాణికులు?

మన గుంటూరు, ప్రకాశం ప్రాంతాల్లో పత్తి, మిరప పండే పల్లెల నుంచి ఏటా ఎందరో యువకులు సైన్యంలో చేరాలని ప్రయత్నిస్తారు. పురుగు తగిలి, ధర పడిపోయి, అప్పులపాలైన కుటుంబాల పిల్లలకు నెలజీతం వచ్చే ఉద్యోగం ఒక ఆశ. ఉమ్మడి గుంటూరు, ప్రకాశం, నెల్లూరు జిల్లాలకు, రాయలసీమ జిల్లాలకు సైనిక భర్తీ వ్యవహారాలు చూసే కార్యాలయం గుంటూరులోనే ఉంది. 2022 జూన్‌లో ప్రకటించిన అగ్నిపథ్ పథకం ప్రకారం ఇప్పుడు చేరేవారి సర్వీసు నాలుగేళ్ళు. ఆ తరువాత నూటికి పాతికమందికి మించకుండా కొనసాగిస్తారు. పదిహేడున్నర ఏళ్ళు నిండితే అర్హత మొదలవుతుంది. అంటే మీసాలు సరిగా రాని వయసు.

ర్యాలీలో అన్నిటికంటే కఠినమైన పరీక్ష 1.6 కిలోమీటర్ల పరుగు. అయిదున్నర నిమిషాల్లో ముగించినవారికి ఎక్కువ మార్కులు. ఎండ ముదరకముందే పరుగులు పూర్తి కావాలి గనుక తెల్లవారుజాముననే పిల్లలు మైదానం గేటు ముందు వరుసలో నిలబడతారు. ర్యాలీ జరిగే చోటు ఒక్కోసారి ఒక్కో పట్టణం. కాబట్టి ప్రయాణం అంతా రాత్రిపూటే. పిల్లలు బండి ఎక్కగానే నిద్రపోతారు, నిద్రపోవాలి కూడా. తెల్లవారితే పరుగెత్తవలసిన కాళ్ళు అవి. మెలకువగా ఉండవలసినవాడు ఒక్కడే, స్టీరింగు పట్టినవాడు.

ఇలాంటి ప్రయాణం ఎలా ముగియవచ్చో ఉత్తరప్రదేశ్‌లోని షాజహాన్‌పూర్ దగ్గర 2011 ఫిబ్రవరి 1న దేశం చూసింది. ఇండో టిబెటన్ సరిహద్దు పోలీసు దళంలో కేవలం 416 ఉద్యోగాల కోసం బరేలీకి లక్షకు పైగా యువకులు వచ్చారు. తిరుగు ప్రయాణంలో చోటు చాలక కొందరు హిమ్‌గిరి ఎక్స్‌ప్రెస్ టాపు మీద కూర్చున్నారు. రైలు వంతెన కిందుగా వెళ్ళినప్పుడు పది మందికి పైగా చనిపోయారు. వారు ఏ యుద్ధానికీ వెళ్ళలేదు. ఉద్యోగానికి దరఖాస్తు చేసుకుని ఇంటికి తిరిగి వస్తున్నారు, అంతే.

మన దగ్గర 2020 మే 14న ప్రకాశం జిల్లా నాగులుప్పలపాడు మండలం రాపర్ల దగ్గర మిర్చి కోతలు ముగించుకుని వస్తున్న కూలీల ట్రాక్టరు కరెంటు స్తంభానికి ఢీకొంది. తీగలు తెగి పడి కనీసం తొమ్మిది మంది మరణించారు. కూలీలు కావచ్చు, సైన్యంలో చేరబోయే పిల్లలు కావచ్చు, మన రోడ్ల మీద పేదవారి ప్రయాణం ఇలాగే సాగుతోంది. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో మరణించినవారు 1,68,491 మంది. వారిలో పదిమందికి ఏడుగురి మరణానికి కారణం మితిమీరిన వేగమేనని ప్రభుత్వ లెక్క.

"ఏమీ కాలేదు కదా!"

స్టాండులోని వారు నవ్వటానికి కారణం ఈ ఒక్క మాటే. ఏమీ కాలేదు కాబట్టి ఆ డ్రైవరు తెలివైనవాడు, ఈయన అమాయకుడు.

ఒక ఉదాహరణ తీసుకుందాము. ఇద్దరు డ్రైవర్లు ఒకే రాత్రి, ఒకే రోడ్డు మీద, ఒకే విధంగా కునికిపాట్లు పడుతూ బండి నడిపారనుకోండి. ఒకరి ఎదురుగా ఏ వాహనమూ రాలేదు. రెండో అతనికి మలుపులో లారీ ఎదురైంది. మొదటివాడు ఇంటికి వెళ్ళి టీ తాగాడు. రెండోవాడు పోలీసు స్టేషనుకు వెళ్ళాడు. లోకం మొదటివాణ్ణి మంచి డ్రైవరు అంటుంది, రెండోవాణ్ణి హంతకుడు అంటుంది. వారిద్దరి మధ్య ఉన్న తేడా లారీయే గాని వారి మనసు కాదు, వారి చేయి కాదు.

ఇస్లామీయ ధర్మశాస్త్రం ఈ విషయాన్ని ఎంత సూక్ష్మంగా చూసిందో గమనించండి. పొరపాటున ఒకరి ప్రాణం తీసినవాడు హంతకుడు కాడు. అయినా మృతుని కుటుంబానికి పరిహారం ఇవ్వాలని, దానితో పాటు కఫ్ఫారా కూడా చెల్లించాలని నిసా సూరా 92వ ఆయతు ఆదేశిస్తోంది. బానిసకు విముక్తి ప్రసాదించాలి. అది సాధ్యం కానివారు రెండు నెలలు ఎడతెగకుండా ఉపవాసాలు పాటించాలి. ఉద్దేశం లేని పనికి కఫ్ఫారా ఎందుకు? మన ఉలమాలు దీనికి చెప్పిన సమాధానం: అతని మీద హత్యాదోషం లేదు, కాని జాగ్రత్తను విడిచిపెట్టిన దోషం ఉంది. నిద్రలో దొర్లి పక్కవాని ప్రాణం పోవటానికి కారకుడైన మనిషి విషయంలో కూడా హనఫీ ఫుఖహాలు దాదాపు ఇదే తీర్పు చెప్పారు.

అంటే ఇక్కడ రెండు లెక్కలు ఉన్నాయి. ఒకటి, జరిగిన నష్టానికి బాధితుల కుటుంబంతో తేల్చుకోవలసిన లెక్క. నష్టం జరగనప్పుడు ఈ లెక్క ఉండదు. రెండోది, జాగ్రత్త విడిచినందుకు అల్లాహ్ సన్నిధిలో ఇవ్వవలసిన లెక్క. ప్రమాదం జరగనంత మాత్రాన ఈ రెండో లెక్క కొట్టివేయబడదు. ప్రమాదం జరిగినవాని దోషం ఈ లోకంలోనే బయటపడింది. జరగనివాని దోషం మీద అల్లాహ్ పరదా వేశాడు. పరదా వేయటమంటే ఆ పని సరైనదని ఆమోదించటం కాదు. అది తౌబా చేసుకోవటానికి దొరికిన వ్యవధి.

దీనికి మరో వైపు కూడా ఉంది. దాన్ని మనం తరచూ మరచిపోతాము. నిబంధన ప్రకారం నడిపి, విశ్రాంతి తీసుకుని, బండి సరిచూసుకుని బయలుదేరిన డ్రైవరును ఎదుటివాడు వచ్చి ఢీకొడితే, ప్రాణనష్టం జరిగినా ఆ డ్రైవరు దోషి కాడు. కాని మన ఊళ్ళలో ఏం జరుగుతుంది? విచారణ లేకుండానే జనం చేయి చేసుకుంటారు. జీవితాంతం "ఫలానా బండి నడిపినవాడు" అని వేలెత్తి చూపుతారు. ఏమీ కాలేదని నిర్లక్ష్యపరుణ్ణి పొగడటం ఎంత అన్యాయమో, ప్రమాదం జరిగిందని నిర్దోషిని దూషించటం అంతే అన్యాయం. రెండుచోట్లా మనం మనిషిని కాదు, ఫలితాన్నే చూస్తున్నాము.

"రాసిపెట్టి ఉంటే ఎవరాపగలరు?"

మన డ్రైవరు సోదరుల నోట తరచూ వినిపించే మాట ఇది. తఖ్దీర్ మీద విశ్వాసం మన ఈమాన్‌లో భాగం, అందులో సందేహం లేదు. కాని ఈ మాట ఎప్పుడు అంటున్నామో చూసుకోవాలి. కిరాయి డబ్బు విషయంలో "రాసిపెట్టి ఉంటే అదే వస్తుంది" అని ఎవరూ ఊరుకోరు, అడిగి లెక్కపెట్టి తీసుకుంటారు. అరిగిపోయిన టైరు దగ్గరకు వచ్చేసరికి మాత్రం తఖ్దీర్ గుర్తుకు వస్తుంది. ఇది తఖ్దీర్ మీద విశ్వాసం కాదు, టైరు ఖర్చు తప్పించుకునే ఉపాయం.

ఒంటెను కట్టివేసి తవక్కుల్ చేయాలా, వదిలేసి తవక్కుల్ చేయాలా అని అడిగిన వ్యక్తికి, ముందు కట్టివేసి ఆ తరువాత అల్లాహ్‌ను నమ్ముకోమని మహాప్రవక్త (స) బోధించిన సంగతి తిర్మిజీ గ్రంథంలో ఉంది. సిరియా దేశానికి బయలుదేరిన హజ్రత్ ఉమర్ (ర) అక్కడ ప్లేగు వ్యాపించిందని తెలిసి దారిలోంచే వెనుదిరిగారు. అల్లాహ్ విధిరాత నుంచి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (ర) అడిగితే, అల్లాహ్ విధి నుంచి అల్లాహ్ విధి వైపుకే వెళుతున్నామని జవాబిచ్చారు. టైరు పేలటం విధి అయితే, ముందురోజే టైరు మార్చటం కూడా విధే. రెండింటిలో ఏది మన చేతికి అందుబాటులో ఉందో దాని గురించే మనల్ని అడగటం జరుగుతుంది.

చాలా బండ్ల అద్దం మీద ప్రయాణపు దుఆ అంటించి ఉంటుంది. ఈ వాహనాన్ని అల్లాహ్ మనకు వశపరచాడని, అది మన శక్తి కాదని, చివరకు ఆయన వైపుకే మరలిపోవాలని దాని భావం. జుఖ్రుఫ్ సూరాలోని ఈ పలుకులు తాయెత్తు కావు. స్టీరింగు తిప్పేవానికి అవి రోజువారీ హెచ్చరిక.

"మిలటరీకి పోయేవాళ్ళకు భయమెందుకు?"

కుర్రాళ్ళు అన్న ఈ మాటకు ఆ డ్రైవరు దగ్గర జవాబు లేకపోయింది. వినటానికి పౌరుషంగా ఉంటుంది గాని నిదానంగా ఆలోచిస్తే ఇందులో పెద్ద పొరపాటు ఉంది.

మన ప్రాంతపు బిడ్డలు నిజంగానే ప్రాణాలు ఇచ్చినవారు. 2021 జూలై 8న జమ్మూకశ్మీర్‌లోని రాజౌరీ జిల్లా సుందర్‌బనీ ప్రాంతంలో బాపట్ల దగ్గరి గ్రామానికి చెందిన జవాను మరుప్రోలు జశ్వంత్ రెడ్డి వీరమరణం పొందారు. ఆయన కూడా ఒకనాడు ఇలాగే ఊరి నుంచి బయలుదేరి వెళ్ళిన కుర్రవాడే. అలాంటి బిడ్డ తన ప్రాణాన్ని దేశానికి అప్పగించటానికి సిద్ధపడ్డాడంటే, దాన్ని దారిలో ఎవరైనా ఖర్చు పెట్టవచ్చని అర్థమా? ఒక మనిషి తన సొమ్మంతా మదరసాకు వక్ఫ్ చేస్తానని తీసుకువెళుతుంటే, ఎలాగూ ఇచ్చేసేదే కదా అని దారిలో జేబు కొట్టటానికి మనకు హక్కు వస్తుందా? త్యాగానికి సిద్ధపడినవాని సొమ్ము మరింత జాగ్రత్తగా కాపాడదగినది. వారి ధైర్యం వారిది. దాన్ని మన నిర్లక్ష్యానికి లైసెన్సుగా వాడుకోకూడదు.

చరిత్రలో దీనికొక మంచి ఉదాహరణ ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ సేనలు పారిస్ దగ్గరకు వచ్చినప్పుడు, 1914 సెప్టెంబరు 6, 7 తేదీల్లో జనరల్ గాలియేని నగరంలోని సుమారు 600 టాక్సీలను పిలిపించి సైనికులను రణరంగం వైపు పంపించాడు. వాటిని నడిపినవారు నిన్నటిదాకా వీధుల్లో బేరాలు చూసుకున్న మామూలు టాక్సీ డ్రైవర్లు. ముందు దీపాలు ఆర్పి, వెనుక దీపం వెలుగునే గుర్తుగా పెట్టుకుని రాత్రంతా వరుసగా నడిపారు. దేశమే ప్రమాదంలో ఉన్నప్పటికీ మనుషులను ఎలా పడితే అలా కుక్కలేదు, బండికి అయిదుగురు సైనికుల లెక్క పెట్టారు. మీటరు చూసి వారికి కూలీ కూడా చెల్లించారు. కూలీ తీసుకున్నందువల్ల వారి గౌరవం తగ్గలేదు. ఫ్రాన్స్ ప్రజలు వారిని నేటికీ తలచుకుంటారు.

మనకు ఇంతకంటే గొప్ప ఆదర్శం కూడా ఉంది. మహాప్రవక్త (స) ప్రయాణంలో స్త్రీలు ఎక్కిన ఒంటెలను అంజషా అనే సేవకుడు తోలేవాడు. ఆయన పాడే పాటకు ఒంటెలు వేగం అందుకునేవి. ప్రవక్త (స) ఆయనను ఆపి, నెమ్మదిగా తోలమని, తాను తీసుకువెళుతున్నవి గాజుపాత్రలని గుర్తుంచుకోమని హెచ్చరించారు. బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉన్న ఈ సంఘటన డ్రైవరుకు చెప్పిన సలహా కాక మరేమిటి? హజ్‌లో అరఫాత్ నుంచి తిరిగి వస్తూ జనం వాహనాలను అదలిస్తుంటే, నిదానించమని, వేగంలో పుణ్యం లేదని ఆయన బోధించారు. హజ్ ప్రయాణంలోనే వేగంలో పుణ్యం లేనప్పుడు ర్యాలీ ప్రయాణంలో ఎక్కడి నుంచి వస్తుంది?

ఆయన దాచిన మాట

ఇంతవరకు చెప్పి మేము ఆగాము. ఆయన లేవలేదు. కొంతసేపటి తరువాత తల వంచుకుని అసలు సంగతి చెప్పాడు.

కొన్నేళ్ళ క్రితం మిర్చి కోతలు ముమ్మరంగా ఉన్న రోజుల్లో, తెల్లవారుజామున కూలీలను చేలకు దించి, సాయంత్రం తిరిగి ఊళ్ళకు చేర్చి, ఆ రాత్రే ర్యాలీకి వెళ్ళే కుర్రాళ్ళను ఎక్కించుకున్నాడు. రెండు కిరాయిలు ఒకే రోజు, కిస్తీ ఒక్క దెబ్బతో తీరుతుందని సంతోషం. అద్దంకి దాటాక, మేదరమెట్ల ఇంకా రాకముందు, ఒక్క క్షణం కన్ను మూతపడింది. కన్ను తెరిచేసరికి ఎడమ చక్రాలు రోడ్డు దిగి మట్టిలో ఉన్నాయి, ముందు ఒక తుమ్మచెట్టు. ఎలా తిప్పాడో ఆయనకే తెలియదు. బండి రోడ్డెక్కింది. వెనక్కి తిరిగి చూస్తే అందరూ నిద్రలో ఉన్నారు. ఒక పిల్లవాడు మాత్రం నిద్రలోనే కదిలి, పక్కవాని భుజం మీద తల సర్దుకున్నాడు.

"ఎవరికీ తెలియదు హజ్రత్! ఆ పిల్లలకు తెలియదు, ఇంట్లో తెలియదు. దిగేటప్పుడు ఒక్కొక్కరు చేయి కలిపి, 'బాగా తెచ్చావన్నా' అన్నారు. ఆ మాట ఇంకా గుచ్చుకుంటోంది. అప్పటి నుంచే నేను సీట్లకు మించి ఎక్కించటం లేదు. పగలు తిరిగిన రోజు రాత్రి కిరాయి ఒప్పుకోవటం లేదు. నాకు ఆ రాత్రి పాపం ఉందా, లేదా?"

పాఠకులారా! ఆయన మొదట అడిగిన ప్రశ్నకు, ఈ ప్రశ్నకు సంబంధం ఇప్పుడు అర్థమై ఉంటుంది. స్టాండులో నవ్వినవారు "ఏమీ కాలేదు కదా" అంటే ఆయన ఎందుకు ఒప్పుకోలేకపోయాడో ఆయనకే తెలుసు. ఆ రాత్రి కూడా ఏమీ కాలేదు.

ఖైబర్ నుంచి తిరిగి వస్తున్న రాత్రి ప్రవక్త (స), సహాబాలు ఒకచోట ఆగి నిద్రించారు. ఫజ్ర్‌కు లేపే బాధ్యతను హజ్రత్ బిలాల్ (ర) తీసుకున్నారు. చాలాసేపు మెలకువగా ఉండి నమాజు చేసి, తెల్లవారబోయే వేళ ఒంటెకు ఆనుకుని కూర్చున్నారు. నిద్ర ముంచుకొచ్చింది. ఎండ తగిలాకే అందరూ లేచారు. తమను ఏది ఆవరించిందో తననూ అదే ఆవరించిందని బిలాల్ (ర) విన్నవించుకుంటే, ప్రవక్త (స) ఆయనను శిక్షించలేదు. అందరినీ తీసుకుని ముందుకు కదిలి నమాజు చేయించారు. ప్రయాణంలో నమాజు తప్పిపోయిన సందర్భంలో ఆయన చెప్పిన సూత్రం ముస్లిం గ్రంథంలో ఉంది. దాని సారాంశం: నిద్రలో నిర్లక్ష్యం లేదు, నిర్లక్ష్యం మెలకువలో ఉంటుంది.

ఈ సూత్రాన్ని మన సోదరుని విషయానికి అన్వయించి చూడండి. కన్ను మూతపడిన ఆ క్షణం ఆయన చేతిలో లేదు. ఆ క్షణానికి ఆయనను పట్టుకోవటం లేదు. కాని రోజంతా తిరిగిన ఒంటితో, నిద్ర వస్తుందని తెలిసి కూడా, రాత్రి తొమ్మిదింటికి తాళంచెవి తిప్పినప్పుడు ఆయన మెలకువగానే ఉన్నాడు. ప్రశ్న అక్కడ ఉంది. నమాజులో కునికిపాట్లు వస్తే వెళ్ళి పడుకోమని ప్రవక్త (స) చెప్పారు. అల్లాహ్ ఎదుట నిలబడినవానికే ఈ అనుమతి ఉంటే, పన్నెండు మంది ప్రాణాలు వెనుక కూర్చోబెట్టుకున్నవానికి ఇది అనుమతి కాదు, బాధ్యత. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం కూడా రోజుకు ఎనిమిది గంటల పనినే నిర్ణయించింది. అయిదు గంటలు పనిచేస్తే అరగంటైనా విశ్రాంతి ఉండాలంది. సొంత బండి నడుపుకునే వానికి ఆ చట్టం గుర్తుచేసే యజమాని ఉండడు. ఆయన మనస్సాక్షే ఆయనకు యజమాని.

కాబట్టి మేము ఆయనకు ఇలా చెప్పాము: "భాయ్, ఆ రాత్రి మీరు చేసింది తప్పే. ఏమీ జరగకపోవటం మీ గొప్పతనం కాదు, అల్లాహ్ దయ. కాని ఆ తప్పు మిమ్మల్ని మార్చింది. పశ్చాత్తాపపడటం, ఆ పని మానుకోవటం, మళ్ళీ చేయనని నిశ్చయించుకోవటం, తౌబా అంటే ఇవే కదా! మొన్న మీరు వదులుకున్న కిరాయి పిరికితనం కాదు. అది మీ తౌబాకు సాక్ష్యం."

కిరాయి ఇచ్చేవారి వాటా

డ్రైవరుకు ఇంత చెప్పి ఊరుకుంటే అది సగం న్యాయమే అవుతుంది. పందొమ్మిది మందిని ఒకే బండిలో ఎక్కించే పరిస్థితి ఆయన ఒక్కడు తెచ్చింది కాదు. వంద రూపాయల దగ్గర గంటసేపు బేరమాడి, పగలంతా బండి తిప్పాడని తెలిసి కూడా రాత్రికి రమ్మని, "ఎంతసేపు పడుతుందయ్యా, కొంచెం తొక్కు" అని తొందరపెట్టే మనకూ అందులో వాటా ఉంది. మీలో ప్రతి ఒక్కరూ కాపరులే, ప్రతి ఒక్కరినీ వారి మంద గురించి ప్రశ్నించటం జరుగుతుందని ప్రవక్త (స) హెచ్చరించిన విషయం మనందరికీ తెలుసు. కొడుకును బండి ఎక్కించే తండ్రి కూడా కాపరే.

ఒక ముఖ్యమైన విషయం తల్లిదండ్రులు తెలుసుకోవాలి. చౌకగా వస్తుందని పిల్లలను మిర్చి టిక్కీలు మోసే సరుకు బండి ఎక్కిస్తే, ప్రమాదం జరిగినప్పుడు బీమా కూడా ఆదుకోకపోవచ్చు. సరుకు వాహనంలో ఎక్కిన ప్రయాణికుల మరణానికి బీమా కంపెనీ బాధ్యత వహించనక్కరలేదని 2002లో ఆశారాణి కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అప్పుడు డ్రైవరు ఇల్లు అమ్మినా ఆ నష్టం పూడదు.

ప్రమాదం జరిగితే పారిపోవటం గురించి కూడా ఒక మాట. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో నిర్లక్ష్యంతో మరణానికి కారకులైనవారికి అయిదేళ్ళ వరకు శిక్ష ఉంది. సమాచారం ఇవ్వకుండా పారిపోయిన వాహనదారునికి పదేళ్ళ శిక్ష అనే భాగం మీద ఆ ఏడాది జనవరిలో దేశమంతటా డ్రైవర్లు ఆందోళన చేశారు. దాన్ని అప్పుడు అమల్లోకి తేలేదు. ఆగితే జనం చంపుతారన్న వారి భయం నిజమైనదే. ఆ భయాన్ని తొలగించటం సమాజం బాధ్యత. అయినా అక్కడ ఆగలేని డ్రైవరు తిన్నగా దగ్గరి పోలీసు స్టేషనుకు వెళ్ళి చెప్పవచ్చు, 108కి ఫోను చేయవచ్చు. ఒక ప్రాణాన్ని కాపాడితే సమస్త మానవాళిని కాపాడినట్లేనన్న మాయిదా సూరా బోధన ఆ రోడ్డు మీద కూడా వర్తిస్తుంది.

అమానత్ అంటే ఇదే

అమానత్ అనగానే మనకు పక్కింటివారు దాచమని ఇచ్చిన నగలు గుర్తుకు వస్తాయి. నగలు దాచమని ఇచ్చినవారు అప్పుడప్పుడు వచ్చి చూసుకుంటారు, లెక్క అడుగుతారు. బండిలో నిద్రపోతున్న పిల్లలు చూసుకోరు, అడగరు. తమ ప్రాణం ఎవరి చేతిలో ఉందో ఆ మనిషి పేరు కూడా వారికి తెలియకపోవచ్చు. అమానత్‌లో ఇంతకంటే పెద్దది ఏముంటుంది? అమానతులను వాటి హక్కుదారులకు అప్పగించాలని నిసా సూరా 58వ ఆయతులో అల్లాహ్ ఆజ్ఞాపించాడు. ఈ అమానత్‌కు హక్కుదారు ఊళ్ళో దీపం ఆర్పకుండా ఎదురుచూసే తల్లి. ఆ తల్లి ఏ మతానికి చెందినదైనా అమానత్ అమానతే.

ఆ కుర్రాళ్ళలో ఎవరైనా ఎంపికై రేపు సరిహద్దులో నిలబడితే ఊరు సన్మానం చేస్తుంది. ఫ్లెక్సీలో వారి బొమ్మ ఉంటుంది. వారిని ఆ తెల్లవారుజామున కాళ్ళకు దెబ్బ తగలకుండా, నిద్ర చెడకుండా గేటు దగ్గర దించిన డ్రైవరు బొమ్మ ఏ ఫ్లెక్సీ మీదా ఉండదు. ఏ ప్రమాదమూ జరగనందువల్ల ఆయన చేసిన మేలు ఎవరికీ కనిపించదు కూడా. ఆయన మేల్కొని ఉన్న రాత్రులను చూసినవాడు కునుకుపాటు గాని నిద్ర గాని లేని అల్లాహ్ ఒక్కడే.

ఆయన లేచి సలాము చెప్పి వెళ్ళబోతూ, తరువాతి ర్యాలీకి అయిదారు పల్లెల పిల్లల్ని ముందుగానే మాట్లాడి, రెండు బండ్లకు సరిపడా కలిపి, ఖర్చు పంచుకునేలా చూస్తానని అన్నాడు. తన ఇద్దరు స్నేహితులను కూడా ఒప్పిస్తానన్నాడు. మేము చెప్పిన మస్‌అలా కంటే ఆయన ఆలోచనే మేలైనదని మాకనిపించింది. మన మస్జిదు కమిటీలు, ఊరి పెద్దలు ఇలాంటి పనికి చేయి కలిపితే ఎవరి రోజీ పోకుండానే ఎన్నో ప్రాణాలు నిలుస్తాయి.

ఎవరూ చూడని వేళ కూడా అమానత్‌ను కాపాడే శక్తిని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! దారిలో ఉన్న ప్రయాణికులందరినీ క్షేమంగా ఇళ్ళకు చేర్చుగాక! మన తప్పుల మీద ఆయన వేసిన పరదాను మనం తౌబా చేసుకోవటానికి వాడుకునే బుద్ధిని అనుగ్రహించుగాక! ఆమీన్.